టీ సెంటుతో ఇంకో సెంటు కలిపేటప్పుడు

గ్రీన్ టీ వాసన ఉండే సెంట్లు తేలికైనవి. వాటిలో ముందుగా తగిలే బెర్గమాట్ (నిమ్మ, నారింజ జాతి పండు), నిమ్మ వాసనలు అరగంటలోపే ఎగిరిపోతాయి. అందుకే స్నానం కాగానే, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. పొడి చర్మం మీద సెంటు నిలవదు. తర్వాత చందనం, దేవదారు లాంటి బరువైనది ఒక్క స్ప్రే. రెండు నిమిషాలు ఆరాక దాని మీద టీ సెంటు రెండు మూడు స్ప్రేలు. వరస తిరగబడితే టీ అడుగున పడి తెలియనే తెలియదు.

పొగవాసన ఉన్న బ్లాక్ టీ సెంటైతే అదే అడుగున ఉండాలి. పైన బెర్గమాట్ సెంటు వేస్తే అచ్చం ఎర్ల్ గ్రే (బెర్గమాట్ కలిపిన బ్లాక్ టీ)! వనిల్లా మాత్రం జాగ్రత్త, కొంచెం ఎక్కువైనా టీలోని ఆ చిరుచేదును మింగేస్తుంది. టీ సెంటుకు అందమే ఆ చేదు. కొత్త జోడీని ముందు కాగితం ముక్క మీద చల్లి, అరగంటయ్యాక వాసన చూడండి.