కారు డోర్లకు సైడ్ బీడింగ్ అతికించడం ఎలా?

కారు డోర్ల మీద అడ్డంగా అతికించిన సైడ్ బీడింగ్, అంటే డోర్లకు సొట్టలు పడకుండా కాపాడే పట్టీ, రెండు నెలలకే కొస దగ్గర లేచిపోతే, యజమాని మొదట దాని వెనకున్న జిగురు టేపును తిడతాడు, ఆ తర్వాత అమ్మినవాడిని తిడతాడు. అలా లేచిపోయిన బీడింగులను ఊడదీసి మళ్లీ అతికించే పని నాకు చాలాసార్లు పడింది. వాటిలో టేపు నిజంగా చెడ్డదైన సందర్భాలు అరుదు. సాగదీసి అతికించడమో, వంకర వచ్చిందని పీకి మళ్లీ పెట్టడమో, వాక్స్ పొర మీదే అతికించడమో అసలు కారణమని తేలుతుంది. ఈ పనికి గొప్ప నైపుణ్యమేమీ అక్కర్లేదు గాని, పట్టీ పెయింటును తాకే క్షణానికి ముందే నిర్ణయాలన్నీ పూర్తయి ఉండాలి. తాకిన తర్వాత ఆలోచించేవారి బీడింగే వంకరపోతుంది.

పట్టీ కొనేటప్పుడు వెనకవైపు ఫోమ్ టేపు (రెండువైపులా జిగురున్న మెత్తటి టేపు) ముందే అతికించి ఉన్నది, మీ కారు మోడల్‌కు తగిన కొలతలో కోసి ఉన్నది తీసుకోవాలి. చుట్టగా అమ్మే మెత్తటి క్రోమ్ పట్టీని కొని మీరే కోసుకోవచ్చునని కొందరు చెబుతారు. నేను మాత్రం దాన్ని వద్దనే అంటాను. చుట్టలో ఉన్న వంపు పట్టీలో మిగిలిపోతుంది, కోసిన కొస ఎంత శుభ్రంగా కోసినా కోసినట్టే కనబడుతుంది. మరలతో బిగించే పట్టీల గురించి ఆలోచించనే వద్దు. డోరు రేకుకు రంధ్రం పెట్టడమంటే తుప్పుకు దారి తెరవడమే.

కావలసినవి కొన్నే: మాస్కింగ్ టేపు, మూడు నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొలత టేపు, ఒక అట్టముక్క, పెన్సిల్, హెయిర్ డ్రయ్యర్. బంపర్ వంటి ప్లాస్టిక్ భాగం మీద కూడా పట్టీ వేస్తున్నట్లయితే ఆ టేపుకు తగిన ప్రైమర్ (జిగురు పట్టేందుకు ముందుగా పూసే ద్రవం) ఒకటి కావాలి, ఎందుకంటే బంపర్లలో వాడే ప్లాస్టిక్‌కు జిగురును పట్టుకునే గుణం సహజంగానే తక్కువ.

కడగడం, తుడవడం

కారును నీడలో నిలిపి, వాక్స్ కలవని షాంపూతో పక్కభాగాలను కడిగి, ఆరనివ్వాలి. తర్వాత పట్టీ వచ్చే చోట కాసిని నీళ్లు చల్లి చూడాలి. నీరు ముత్యాల్లా నిలిచి జారిపోతే అక్కడ వాక్సో కోటింగో ఇంకా ఉన్నట్టే, దాన్ని పాలిష్‌తో తొలగించక తప్పదు. నీరు పలచగా పరుచుకుంటే ముందుకు వెళ్లవచ్చు. ఆల్కహాల్‌ను, నీటిని సమపాళ్లలో కలిపి ఒక గుడ్డను తడిపి తుడవాలి, తడి ఆరిపోకముందే రెండో పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. ఒకే గుడ్డతో తుడిచి గాలికి ఆరనిస్తే, కరిగిన జిడ్డు తిరిగి అక్కడే పొరగా కూర్చుంటుంది. పెట్రోలు, థిన్నర్ వాడకూడదు. డోరుకు ఇటీవలే పెయింటు వేయించి ఉంటే కనీసం నెల రోజులు ఆగాలి. లోపలి ద్రావకాలు ఇంకా బయటికి వస్తున్న పెయింటు మీద ఏ టేపూ నిలవదు.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ రకం టేపుకు 21 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉష్ణోగ్రత అనుకూలంగా ఉంటుంది. 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు జిగురు గట్టిపడి పెయింటును పట్టుకోదు. చలి ఉంటే రేకును, పట్టీని రెంటినీ హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేయాలి, రేకును మాత్రమే వేడి చేస్తే సగం పనే చేసినట్టు. ఎండలో కాలిన నల్ల కారు మీద ఎప్పుడూ మొదలుపెట్టకూడదు. నా లెక్కలో ఈ పనికి ఉదయం తప్ప మరో వేళ లేదు.

గీత పెట్టుకోవడం

పట్టీని డోరు మధ్యలో బయటికి ఎక్కువగా ఉబ్బిన చోట పెట్టాలి. పక్క కారు డోరు తెరిచినప్పుడు తగిలేది అక్కడే కాబట్టి, సొట్టలు పడకుండా అది కాపాడుతుంది. ఇంకా కిందికి పెడితే అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఎత్తును నేల నుంచి కొలవకూడదు, నీటిమట్టపు పరికరమూ పెట్టకూడదు. నేల ఏటవాలుగా ఉండవచ్చు, టైర్లలో గాలి తేడాగా ఉండవచ్చు, పైగా చాలా కార్ల పక్కగీతలు వెనక్కి వెళ్లేకొద్దీ కాస్త పైకి లేస్తాయి. నేలకు సరిగ్గా సమాంతరంగా ఉన్న పట్టీ ఆ గీత పక్కన వంకరగా కనబడుతుంది. అందువల్ల కారు రేకులోనే ముందు నుంచి వెనక దాకా సాగే మడత గీతను ఆధారంగా తీసుకోవాలి. ఆ గీత నుంచి పట్టీ కింది అంచు దాకా ఉండవలసిన దూరాన్ని అట్టముక్క మీద గుర్తు పెట్టి, ఆ అట్టనే కొలబద్దగా వాడుతూ ఒక్కో డోరు మీద నాలుగు చోట్ల పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. రెండో పక్కకు కూడా అదే అట్టను వాడాలి. కొలత టేపుతో రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలు వస్తాయి, అట్ట మాత్రం మాట మార్చదు.

డోర్లన్నీ మూసి ఉంచి, ఆ చుక్కల వెంట ముందు డోరు నుంచి వెనక డోరు దాకా మాస్కింగ్ టేపును ఒకే పొడవుగా లాగి అతికించాలి. టేపు పై అంచు మీద పట్టీ కింది అంచు కూర్చోవాలి, అంటే ఈ టేపు పట్టీకి అరలా పనిచేస్తుంది. తర్వాత డోర్ల సందు దగ్గర టేపును చీల్చుకోవచ్చు. మాస్కింగ్ టేపు పుట్టిందే కార్ల కోసమన్న సంగతి చాలామందికి తెలియదు. రెండు రంగుల కార్లకు పెయింటు వేసేటప్పుడు రంగుల మధ్య గీత శుభ్రంగా రావడం కోసం 3ఎం సంస్థలో పనిచేసిన రిచర్డ్ డ్రూ 1925లో దీన్ని రూపొందించాడు. దాన్ని వదిలేసి కంటి అంచనాతో పట్టీలు అతికించేవారిని చూస్తే నాకు ఆశ్చర్యమే.

టేపు వేశాక ఆరడుగులు వెనక్కి వెళ్లి చూడాలి, తర్వాత ముందు చక్రం దగ్గర వంగి ఒక కన్ను మూసి గీత వెంట చూడాలి. వంకర ఉంటే కనబడేది ఇప్పుడే. మాస్కింగ్ టేపును పదిసార్లు పీకి పదిసార్లు వేయవచ్చు.

ఇక డోర్ల అంచులు. పట్టీ కొసను డోరు అంచుకు 5 మిల్లీమీటర్లు లోపలే ఆపాలి. డోరు తెరిచినప్పుడు దాని ముందు అంచు కాస్త లోపలికి తిరుగుతుంది, అప్పుడు మందమైన పట్టీ ముందు రేకుకు రాసుకునే ప్రమాదం ఉంది. వెనకున్న జిగురును కప్పిన పైపొర తీయకుండానే పట్టీని మాస్కింగ్ టేపు ముక్కలతో నిలిపి, డోరును నెమ్మదిగా తెరిచి మూసి పరీక్షించాలి. ఏ పట్టీ ఎడమది, ఏది కుడిది అన్న విషయం కూడా ఈ పరీక్షలోనే తేల్చుకోవాలి.

అతికించడం

అసలు కష్టం ఇక్కడుంది, చెడిపోయే బీడింగుల్లో ఎక్కువ భాగం చెడిపోయేదీ ఇక్కడే.

చాలామంది పట్టీ వెనక ఉన్న ఎర్రటి పైపొరను మొదటే మొత్తం పీకేసి, రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని డోరు మీదికి తెస్తారు. అలా తెచ్చిన పట్టీ డోరును మొదట ఎక్కడ తాకుతుందో ఎవరూ చెప్పలేరు. సాధారణంగా అది మధ్యలో తాకుతుంది, అదీ గీతకు రెండు మిల్లీమీటర్ల పైన. అప్పుడు దాన్ని పీకి మళ్లీ పెడతారు, ఫోమ్‌లో కొంత భాగం పెయింటు మీద ఉండిపోతుంది, మిగిలినది సాగుతుంది. అలాంటి పట్టీని ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు.

సరైన పద్ధతి ఇది. పట్టీ ముందు కొస దగ్గర మాత్రమే పైపొరను 5 సెంటీమీటర్ల మేర లేపి, దాన్ని పైకి మడిచి, తోకలా పట్టీ పై అంచు దాటి బయటికి కనబడేట్టు ఉంచాలి. ఆ తోకకు ఒక మాస్కింగ్ టేపు ముక్క అంటిస్తే పట్టుకోవడానికి సులువుగా ఉంటుంది. జిగురును వేలితో తాకకూడదు. వేలి జిడ్డు చాలు, ఆ చోట పట్టు పోవడానికి.

ఇప్పుడు పట్టీని మాస్కింగ్ టేపు అర మీద కూర్చోబెట్టాలి, ముందు కొస మాత్రం రేకుకు తగలకుండా కొంచెం ఎడంగా ఉండాలి. మధ్యలోను, వెనకవైపు కొస దగ్గరా కింది అంచును అరకు కలుపుతూ చిన్న మాస్కింగ్ టేపు ముక్కలు వేయాలి. పై అంచు మీదుగా వేస్తే పైపొర తోక బయటికి రావడానికి అవే అడ్డం పడతాయి. ఈ చిన్న సంగతి నాకు మూడు కార్లు పాడయ్యాక గాని తెలియలేదు.

మళ్లీ వెనక్కి వెళ్లి చూడాలి. పట్టీ అర మీద అంతటా ఆనుకుని ఉందా, ముందు కొస డోరు అంచుకు 5 మిల్లీమీటర్ల దూరంలోనే ఉందా అని సరిచూసుకున్న తర్వాత మాత్రమే ముందు కొసను తేలికగా తాకించాలి. తాకించడం వేరు, నొక్కడం వేరు. తేలికగా తాకిన 5 సెంటీమీటర్ల భాగాన్ని, తేడా కనబడితే మొదటి నిమిషంలో జాగ్రత్తగా లేపవచ్చు. ఒకసారి నొక్కిన తర్వాత ఆ అవకాశం ఉండదు.

అంతా సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాక, ఒక చేత్తో తోకను పట్టీ వెంట వెనక్కి, దాదాపు పట్టీకి సమాంతరంగా లాగుతూ, రెండో చేతి బొటనవేలితో వెనకనే పట్టీని తాకిస్తూ పోవాలి. తోకను డోరుకు నిలువుగా, మన వైపుకు లాగితే పట్టీ కూడా దానితో లేస్తుంది. గబగబా లాగితే పైపొర మధ్యలో తెగుతుంది. తెగినప్పుడు కంగారుపడి పట్టీని పీకవద్దు, సన్నని పట్టకారుతో తెగిన కొసను పట్టుకుని మళ్లీ లాగితే వస్తుంది. కత్తి మొనతో గోకితే పెయింటు మీద గీత పడుతుంది.

లాగేటప్పుడు పట్టీని వెనకవైపుకు గుంజకూడదు. ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, మెత్తటి పట్టీ గుంజితే సాగుతుంది, సాగినది తిరిగి తన పొడవుకు రావాలని చూస్తుంది. ఆ లాగుడంతా రెండు కొసల మీద పడుతుంది. వేసిన రోజు అది అందంగా తిన్నగానే ఉంటుంది, నాలుగు ఎండలు తగిలాక కొస లేస్తుంది. అప్పుడు టేపును తిడతారు.

ఈ పనికి సహాయకుణ్ణి పెట్టుకోవద్దు. ఇద్దరు పట్టుకున్న పట్టీని తెలియకుండానే ఇద్దరూ చెరోవైపు లాగుతారు.

సబ్బునీళ్లు చల్లి అతికిస్తే పట్టీని జరుపుకోవచ్చునన్న సలహా ఒకటి ప్రచారంలో ఉంది. అది పలచటి వినైల్ స్టిక్కర్లకు పనికొచ్చే ఉపాయం. స్టిక్కర్ కింది నీటిని గీకి బయటికి నెట్టవచ్చు, ఫోమ్ టేపు కింద చిక్కిన నీరు ఎక్కడికీ పోదు. సూపర్ గ్లూ చుక్కలు వేసేవారూ ఉన్నారు. ఆ జిగురు ఆరాక పెళుసుగా మారుతుంది, రేకు వేడికి వ్యాకోచించినప్పుడు పగులుతుంది, పెయింటును కూడా పాడుచేస్తుంది. ఫోమ్ టేపు గొప్పతనం అది మెత్తగా ఉండి రేకుతోపాటు, పట్టీతోపాటు సాగి సర్దుకోవడంలోనే ఉంది.

నొక్కడం, ఆగడం

పట్టీ అంతా తాకిన తర్వాత ముందు నుంచి వెనక్కి అంగుళం అంగుళం నొక్కాలి. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి పడాలి. బొటనవేలి కింద నాలుగు చదరపు సెంటీమీటర్ల పట్టీ ఉంటుందనుకుంటే నాలుగు కిలోల బరువుతో నొక్కాలన్నమాట. అరచేత్తో ఒకసారి నిమిరితే అందులో పదో వంతు కూడా పడదు. ఈ జిగురు ఆరి గట్టిపడే రకం కాదు, ఒత్తిడికి మెల్లగా పాకి పెయింటులోని కంటికి కనబడని ఎత్తుపల్లాల్లోకి చేరే రకం. అందుకే నొక్కడమూ కావాలి, సమయమూ కావాలి. కొసలను రెండుసార్లు నొక్కాలి.

మాస్కింగ్ టేపును పెయింటుకు దగ్గరగా వెనక్కి మడిచి తీసేయాలి. గది ఉష్ణోగ్రతలో 20 నిమిషాలకు దాదాపు సగం పట్టు, 24 గంటలకు 90 శాతం, 72 గంటలకు పూర్తి పట్టు వస్తుంది. మొదటి రోజు కారును కడగకూడదు, వానలో తడవనివ్వకూడదు. ఒత్తిడితో నీళ్లు కొట్టే పైపును వారం దాకా దగ్గరికి రానివ్వను, ఆ తర్వాత కూడా దాన్ని పట్టీ కొసకు ఎదురుగా పెట్టనివ్వను.

ఇంత చేశాక కూడా వంకర వస్తే, పట్టీని చేత్తో పీకవద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, పట్టీకి, రేకుకు మధ్య సన్నని నైలాన్ దారాన్ని దూర్చి రంపంలా ఇటూ అటూ లాగితే ఫోమ్ తెగి పట్టీ చేతికి వస్తుంది. పెయింటు మీద మిగిలిన ఫోమ్‌ను వేడి చేసి బొటనవేలితో చుడితే ఉండలుగా ఊడుతుంది. పట్టీ వెనక ఉన్న పాత టేపును పూర్తిగా తీసి, కొత్తది వేసి, తుడవడం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

బీడింగ్ కుదిరింది కదా అని ఇదే టేపుతో డోర్ హ్యాండిళ్లకు క్రోమ్ కవర్లు, బంపర్‌కు క్రోమ్ పట్టీలు వేయాలనిపిస్తుంది. తాళంచెవి జేబులో ఉండగానే హ్యాండిల్‌ను తాకితే తెరుచుకునే కార్లలో ఆ తాకిడిని గుర్తించే సెన్సర్ హ్యాండిల్‌లోనే ఉంటుంది, కవర్ వేస్తే అది పనిచేయకపోవచ్చు. బంపర్ వెనక రాడార్ ఉన్న కార్లలో దాని ఎదుట లోహపు పూత ఉన్న పట్టీ వేస్తే రాడార్ సంకేతానికి అడ్డుపడుతుంది. పార్కింగ్ సెన్సర్లను, డోర్ల అడుగున నీరు కారడానికి ఉన్న రంధ్రాలను కూడా కప్పకూడదు. రెండో పక్క డోర్లను మర్నాడు ఉదయం చేసుకోవడమే మేలు. అట్టముక్కను మాత్రం పారేయకుండా దాచుకోవాలి.