ఆస్కార్ సీజన్‌లో దోస్తులంతా కలిసి సినిమాలు చూసి ఓట్లేసుకోవడం ఎలా?

జనవరిలో ఆస్కార్ నామినేషన్లు వస్తాయి, మార్చిలో అవార్డులు ఇస్తారు. మధ్యలో ఉండే ఆరేడు వారాలే సినిమా పిచ్చోళ్లకు అసలు పండుగ. హైదరాబాద్‌లో అయితే ఫిల్మ్ క్లబ్బులుంటాయి, ప్రత్యేక షోలుంటాయి. నల్లగొండలోనో, పాలమూరులోనో, దేవరకొండలోనో ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం లేదు. నామినేట్ అయిన సినిమాల్లో మన థియేటర్ల దాకా వచ్చేవి బహుతక్కువ. అయినా పది మంది దోస్తులు, ఒక పెద్ద టీవీ, కాసిన్ని తెల్లకాగితాలు ఉంటే సీజన్ మొత్తాన్ని ఇంట్లోనే జరుపుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే ఒప్పుకోవాలి. "ఏది గెలవాలి?", "ఏది గెలుస్తుంది?" అనేవి రెండు వేరు ప్రశ్నలు. చాయ్ హోటల్ దగ్గర జరిగే సగం లొల్లి ఈ రెండింటినీ కలిపేయడం వల్లే. ఒకడు తనకు నచ్చిన సినిమా గురించి మాట్లాడుతుంటాడు, ఇంకొకడు అంచనా చెబుతుంటాడు. ఇద్దరూ ఒకే విషయం మీద కొట్లాడుతున్నామనుకుంటారు. కింద చెప్పే పద్ధతంతా ఈ రెండు ప్రశ్నలనూ విడదీయడానికే.

ముందుగా: "బరిలో" అంటే ఏమిటో తెలుసుకోండి

డిసెంబర్ వచ్చిందంటే "మన సినిమా ఆస్కార్ బరిలో" అని వాట్సాప్‌లో ఫార్వర్డులు మొదలవుతాయి. ఆ మాటకు నాలుగు అర్థాలుండొచ్చు, నాలుగూ వేర్వేరు మెట్లు.

మొదటిది, దేశం తరఫున పంపడం. ఇంటర్నేషనల్ ఫీచర్ (అమెరికా బయట తీసిన, ఇంగ్లిష్ కాని సినిమాల) విభాగానికి ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏటా ఒక్క సినిమాను ఎంపిక చేస్తుంది. 1986 నాటి కె.విశ్వనాథ్ సినిమా 'స్వాతిముత్యం' అలా వెళ్లిందే. రెండోది, అర్హత జాబితా. నిబంధనల ప్రకారం విడుదలై, దరఖాస్తు చేసుకున్న సినిమాలన్నీ ఇందులో ఉంటాయి. వందల్లో ఉంటాయి కాబట్టి ఇందులో పేరుంటే పొంగిపోవాల్సింది పెద్దగా లేదు. మూడోది షార్ట్‌లిస్ట్, అంటే నామినేషన్లకు ముందు వడకట్టిన చిన్న జాబితా, ఇది కొన్ని విభాగాలకే ఉంటుంది. నాలుగోది నామినేషన్. ఎక్కువ విభాగాల్లో ఐదు, ఉత్తమ చిత్రానికి పది. ఇంటర్నేషనల్ ఫీచర్ విభాగంలో మన దేశం నుంచి ఈ నాలుగో మెట్టు దాకా వెళ్లినవి 'మదర్ ఇండియా', 'సలామ్ బాంబే', 'లగాన్' మాత్రమే.

'ఆర్‌ఆర్‌ఆర్' సంగతి గుర్తు చేసుకుంటే ఈ మెట్లు బాగా అర్థమవుతాయి. 2022లో ఫెడరేషన్ పంపింది గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'ను. 'ఆర్‌ఆర్‌ఆర్' వాళ్లు మిగతా విభాగాలకు సొంతంగా పోటీకి దిగారు. 'నాటు నాటు' ముందు 15 పాటల షార్ట్‌లిస్ట్‌లోకి వచ్చింది, 2023 జనవరి 24న నామినేట్ అయ్యింది, మార్చి 13 ఉదయం మనం టీ తాగే వేళకు కీరవాణి, చంద్రబోస్ చేతుల్లో ఆస్కార్లున్నాయి. ఎవరైనా "బరిలో" అన్నప్పుడు "ఏ మెట్టు మీద?" అని అడగడం జట్టులో అందరూ అలవాటు చేసుకుంటే సగం పుకార్లు అక్కడే ఆగిపోతాయి.

జట్టు కట్టండి, జాబితా కుదించండి

ఎనిమిది నుంచి పదిహేను మంది వరకు బాగుంటుంది. అందరూ ఒకే హీరో ఫ్యాన్స్ అయితే చర్చ సాగదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే తమ్ముడు, బొటిక్ నడిపే అక్క, సౌండ్ సిస్టం అద్దెకిచ్చే అన్న, నవలలు చదివే టీచర్ ఇలా రకరకాల పనులవాళ్లను కలుపుకోండి. ఎడిటింగ్, కాస్ట్యూమ్స్, సౌండ్ విభాగాల దగ్గరకు వచ్చేసరికి వీళ్లు పట్టుకునే విషయాలు మామూలు ప్రేక్షకుడికి తట్టవు.

2026 నుంచి క్యాస్టింగ్‌కు (పాత్రలకు నటులను ఎంపిక చేసే పనికి) కూడా అవార్డు ఇస్తుండటంతో ఆస్కార్‌లో మొత్తం 24 విభాగాలయ్యాయి. అన్నీ నెత్తిన వేసుకోవద్దు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, ఇంటర్నేషనల్ ఫీచర్, మీ జట్టుకు ఆసక్తి ఉన్న ఒక సాంకేతిక విభాగం తీసుకుంటే సరిపోతుంది. పది ఇంగ్లిష్ సినిమాలు చూడటం కష్టమనుకునేవాళ్లు తెలుగుతోనే మొదలుపెట్టొచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌లో తొలిసారి ఇచ్చిన గద్దర్ ఫిల్మ్ అవార్డుల్లో 2024 సంవత్సరానికి మొదటి మూడు ఉత్తమ చిత్రాలు 'కల్కి 2898 ఏడీ', 'పొట్టేల్', 'లక్కీ భాస్కర్'. ఒకదానికొకటి పోలిక లేని మూడు సినిమాలు. వీటికి మీకు నచ్చిన మరో రెండు కలిపి ఓటింగ్ పెట్టుకుంటే మంచి ప్రాక్టీస్.

నియమం ఒక్కటే పెట్టండి, కానీ గట్టిగా పెట్టండి: ఒక విభాగంలో ఉన్న సినిమాలన్నీ చూడనివాళ్లకు ఆ విభాగంలో ఓటు లేదు. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ కూడా 2026 అవార్డుల నుంచి తుది ఓటింగ్‌కు ఇదే షరతు పెట్టింది. గోడకు ఒక చార్ట్ అంటించి, అడ్డంగా సినిమాల పేర్లు, నిలువుగా మనుషుల పేర్లు రాసి, చూసినప్పుడల్లా టిక్కు పెట్టించండి. "ట్రైలర్ చూసిన, కథ తెల్సు" అనేవాడికి టిక్కు లేదు.

చూసేటప్పుడు

సినిమాలన్నీ ఒకే ఓటీటీలో దొరకవు. జట్టులో ఎవరి దగ్గర ఏ సబ్‌స్క్రిప్షన్ ఉందో ముందే రాసుకుని, ఆ సినిమాకు వాళ్లింట్లో కూర్చోవడం తేలిక. టెలిగ్రామ్‌లో తిరిగే దొంగ ప్రింట్ల జోలికి పోవద్దు. చట్టం సంగతి అలా ఉంచినా, చీకటి సీన్లలో ఏమీ కనిపించని ప్రింట్ చూసి సినిమాటోగ్రఫీ గురించి తీర్పు చెప్పడం అన్యాయం.

తెలుగు డబ్బింగ్ ఉంటే హాయిగా చూడండి, తప్పేం లేదు. నటన విభాగానికి మాత్రం అసలు భాషలో, సబ్‌టైటిల్స్‌తో చూడాల్సిందే. గొంతు మారితే నటనలో సగం మారిపోతుంది. మనకు నచ్చింది ఆ నటుడా, డబ్బింగ్ ఆర్టిస్టా అన్నది తేలదు. సబ్‌టైటిల్స్ చదవడం అలవాటు లేనివాళ్లకు మొదటి అరగంట ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత కళ్లు సర్దుకుంటాయి. సౌండ్ విభాగం పెట్టుకున్నట్టయితే టీవీ స్పీకర్ల మీద ఆధారపడకండి. ముఖ్యమైన రెండు సీన్లు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వినండి.

సినిమా అయిపోగానే నోరు విప్పొద్దు

పద్ధతి మొత్తంలో ఎక్కువ పని చేసేది ఇదే. టైటిల్స్ పడగానే గట్టి గొంతున్నవాడు "వేస్ట్ సినిమా" అన్నాడంటే, మొహమాటస్తులు నలుగురు తల ఊపేస్తారు. అందుకే మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కాగితం మీద మూడు విషయాలు రాయాలి: గుర్తుండిపోయిన ఒక సీన్, బాగా చేసిన ఒక డిపార్ట్‌మెంట్, విసుగొచ్చిన ఒక చోటు. ఆ తర్వాత తక్కువ మాట్లాడేవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరూ చదవాలి. చదివేటప్పుడు మధ్యలో దూరడం లేదు.

"బాగుంది", "బాలేదు" దగ్గర ఆగిపోతే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వండి. ఎడిటింగ్ గురించైతే ఇద్దరు మాట్లాడుకునే సీన్ ఒకటి మళ్లీ వేయండి. ఒకరు మాట్లాడుతున్నప్పుడు తెర మీద ఎవరి మొహం ఉంది? మాట్లాడేవాళ్లదా, వినేవాళ్లదా? ఎప్పుడు మారింది? మాట పూర్తయ్యాకా, మధ్యలోనా? రెండు నిమిషాల సీన్‌ను ఇలా రెండుసార్లు చూస్తే ఎడిటింగ్ అంటే వేగంగా కట్ చేయడం కాదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

కాస్ట్యూమ్స్ అనగానే అందరూ రాజులు, రాణుల సినిమాల వైపు చూస్తారు. మన నల్లగొండ జిల్లా వాళ్లు అలా చూడకూడదు. బి.నర్సింగరావు తీసిన 'దాసి'కి 1988 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో ఐదు దక్కాయి. అర్చనకు ఉత్తమ నటి, చిత్రకారుడు తోట వైకుంఠానికి కళాదర్శకత్వం, మిర్యాలగూడకు చెందిన సుదర్శన్‌కు కాస్ట్యూమ్స్. ఆ తర్వాత ఆయన పేరే దాసి సుదర్శన్ అయిపోయింది. దొర గడీలో వెట్టి చేసే ఆడమనిషి కట్టుకున్న చీరకు వచ్చిన అవార్డది, పట్టుచీరకు కాదు. కాబట్టి బట్టలు చూసేటప్పుడు ఖరీదు కాకుండా వాడకం చూడండి: కాలర్ ఎక్కడ నలిగింది, మోచేతుల దగ్గర రంగు వెలిసిందా, ఆ పాత్ర చేసే పనికి ఆ గుడ్డ సరిపోయిందా. బొటిక్ అక్క ఉంటే ఈ చర్చ గంట సాగుతుంది.

ఓటింగ్: పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక లెక్కనే

ఉత్తమ చిత్రానికి ఆస్కార్‌లో వేసేది ప్రాధాన్య ఓటు. ఇది మనకు కొత్తది కాదు. 2021 పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో నల్లగొండ-వరంగల్-ఖమ్మం స్థానానికి 71 మంది, మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ స్థానానికి 93 మంది పోటీ చేశారు. పేపరంత బ్యాలెట్, ఎలిమినేషన్ రౌండ్లు, రోజుల తరబడి కౌంటింగ్ గుర్తున్నాయి కదా? అదే పద్ధతి.

ప్రతి ఒక్కరూ చిన్న కాగితం మీద సినిమాల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని తమ వరుస రాయాలి. టిక్కులు చెల్లవు, ఒకే అంకె రెండుసార్లు వేస్తే చెల్లదు. పేరు రాయొద్దు. తర్వాత చాప మీద సినిమాల పేర్ల చీటీలు పెట్టి, ఎవరికి 1 వచ్చిందో దాని కింద ఆ కాగితం వేయండి. ఏ కుప్పలోనైనా సగానికి మించి ఉంటే అదే గెలిచినట్టు. లేకపోతే అన్నిటికంటే చిన్న కుప్పను తీసేసి, అందులోని కాగితాలను వాటి మీదున్న రెండో ప్రాధాన్యం ప్రకారం పంచండి. రెండోది అప్పటికే పోటీలో లేకుంటే మూడోది. ఎవరో ఒకరు సగం దాటేవరకు ఇదే.

పదిహేను మంది ఓటేశారనుకుందాం, గెలుపుకు 8 కావాలి. అ సినిమాకు 6, ఇ సినిమాకు 4, ఉ సినిమాకు 3, ఎ సినిమాకు 2 వచ్చాయి. ఎ ఎలిమినేట్, దాని రెండు కాగితాలు ఇ వైపు వెళ్లాయి. ఇప్పుడు అ, ఇ చెరో 6. ఉ పోయింది, దాని మూడింటిలో రెండు ఇ వైపు, ఒకటి అ వైపు. చివరికి ఇ 8, అ 7. మొదటి రౌండ్‌లో వెనకున్న సినిమా గెలిచింది. టీవీలో ఎన్నికల ఫలితాల కంటే ఈ అరగంటలో టెన్షన్ ఎక్కువ.

ఇక్కడో కిటుకుంది. కొందరికి ప్రాణమై, మిగతావాళ్లకు అస్సలు పడని సినిమా ఈ పద్ధతిలో నెగ్గడం కష్టం. ఎక్కువ మంది రెండో, మూడో స్థానంలో పెట్టిన సినిమా పైకి వస్తుంది. 2022లో 'ది పవర్ ఆఫ్ ది డాగ్' 12 నామినేషన్లతో వచ్చి దర్శకత్వం అవార్డు ఒక్కదానితో సరిపెట్టుకుంది. మూడే నామినేషన్లున్న 'కోడా' మూడూ గెలిచి ఉత్తమ చిత్రమైంది. చూసినవాళ్లెవరికీ దాని మీద కోపం రాదు, దాని బలం అదే.

రెండో కాగితం: అంచనా

ఇది పూర్తిగా వేరే కాగితం, దీని మీద పేరు రాయాలి. అంచనాకు మీ ఇష్టాయిష్టాలతో పనిలేదు, ఓటేసేది ఎవరన్నదే చూడాలి. గోల్డెన్ గ్లోబ్స్, క్రిటిక్స్ ఛాయిస్ అవార్డులకు ఓటేసేవాళ్లు జర్నలిస్టులు, విమర్శకులు. వాళ్లకు ఆస్కార్ ఓటు లేదు. దర్శకుల గిల్డ్, నిర్మాతల గిల్డ్, నటుల గిల్డ్ అంటే హాలీవుడ్‌లో ఆ వృత్తులవాళ్ల సంఘాలు, అవీ ఆస్కార్‌కు ముందే అవార్డులిస్తాయి. వాటిలో ఉన్నవాళ్లు చాలామంది అకాడమీలోనూ ఉంటారు. అందుకే గిల్డ్ ఫలితాలకు ఎక్కువ విలువ ఇవ్వండి.

అవీ గ్యారంటీ కాదు. 2020లో '1917' దర్శకుల గిల్డ్, నిర్మాతల గిల్డ్, గోల్డెన్ గ్లోబ్, బ్రిటన్ వాళ్లిచ్చే బాఫ్టా అన్నీ ఊడ్చుకుపోయింది. నటుల గిల్డ్ అవార్డు మాత్రం కొరియా సినిమా 'పారసైట్'కు వెళ్లింది. ఆస్కార్ కూడా దానికే వెళ్లింది. దర్శకుల, నిర్మాతల గిల్డ్‌లకు భిన్నంగా నటుల గిల్డ్ వేరే సినిమాకు ఇస్తే, ఆ సినిమా మీద ఒక కన్నేసి ఉంచడం మంచిది.

సరైన అంచనాకు రెండు మార్కులు, "ఇది మాత్రం పక్కా" అని గీత గీసిన ఒక్క విభాగానికి నాలుగు. గీత గీసింది తప్పితే రెండు మార్కులు కోత. లేకపోతే అందరూ అన్నీ పక్కా అంటారు. ఇద్దరికి సమానమైతే తేల్చడానికి, ఎక్కువ అవార్డులు తీసుకునే సినిమాకు మొత్తం ఎన్ని వస్తాయో ముందే ఒక అంకె రాయించుకోండి. రెండు రకాల కాగితాలూ అవార్డులకు ముందు రోజే ఒక కవర్‌లో వేసి అంటించేయాలి.

అవార్డుల పొద్దున

అమెరికాలో ఆదివారం సాయంత్రం అంటే మనకు సోమవారం తెల్లవారుజాము. అక్కడి గడియారాలు ముందుకు జరిపారా లేదా అన్నదాన్ని బట్టి మనకు నాలుగున్నరకో, ఐదున్నరకో మొదలవుతుంది. ముందు రోజే సమయం, ఛానల్ సరిచూసుకోండి. అది ఇంటర్, టెన్త్ పరీక్షల కాలం. పక్కింట్లో పరీక్షలు రాసే పిల్లలుంటే సౌండ్ తగ్గించి, కేకలు మింగాల్సిందే. ఉత్తమ చిత్రం ప్రకటించేది చివర్లో, అప్పటికి డ్యూటీలకు బయల్దేరే టైమ్ అయిపోతుంది. బస్సులో ఉన్నవాళ్లు గ్రూపులో ఫలితం పెట్టొద్దని ముందే చెప్పుకోండి. సాయంత్రం అందరూ చేరాక కవర్ విప్పి మార్కులు వేయడం బాగుంటుంది.

ఎక్కువ మార్కులొచ్చినవాళ్లకు తర్వాత వచ్చే పెద్ద సినిమా టికెట్టు మిగతావాళ్లు కొనివ్వాలి. అందరికంటే తక్కువ వచ్చినవాళ్లు మిర్చి బజ్జీలు తేవాలి. ఇదే పద్ధతిని జాతీయ అవార్డులకూ వాడొచ్చు గానీ, మొదటి కాగితం వరకే. అక్కడ నిర్ణయించేది వేల మంది ఓటర్లు కాదు, కొద్దిమంది జ్యూరీ. ముందస్తుగా సూచనలిచ్చే గిల్డ్ అవార్డులూ ఉండవు. కాబట్టి అంచనా కాగితానికి మార్కులు పెట్టుకోకుండా, సరదాకు రాసుకుంటే చాలు.