నలిగిన ఫెడోరా టోపీని మళ్లీ నిలబెట్టడం ఎలా?

సూట్‌కేసులో చొక్కాల కింద కుక్కి తెచ్చి, "ఇలా అయిపోయిందేంటండీ?" అని అడుగుతారు. అవ్వక ఏమవుతుంది! ఫెడోరా అంటే చుట్టూ అంచు, పైన నడిమి గాడి, ముందువైపు రెండు నొక్కులు ఉండే టోపీ. ఫెల్ట్‌తో, అంటే అట్టకట్టించిన ఉన్నితోనో బొచ్చుతోనో చేసిందైతే బాగుచేయొచ్చు. ఇక్కడ చెప్పేది ఆ ఫెల్ట్ టోపీ సంగతే, గడ్డి టోపీది కాదు.

కెటిల్, మెత్తని బట్టల బ్రష్, ఒక తువ్వాలు చాలు. ముందు దుమ్ము దులిపి, లోపలి తోలు పట్టీని బయటికి మడవండి. ఆవిరి తగిలితే తోలు ముడుచుకుపోతుంది.

ఇక ఆవిరి పట్టడం. అందరూ పాడుచేసేది ఇక్కడే. ఫెల్ట్ నేసిన గుడ్డ కాదు. ఉన్నినో, కుందేలు బొచ్చునో వేడి, తడి తగిలిస్తూ నొక్కి నొక్కి అట్టకట్టించింది. ఆ వేడీ తడీ మళ్లీ కొంచెం తగిలితే మెత్తబడుతుంది, మోతాదు మించితే కుంచించుకుపోతుంది. అందుకే కెటిల్ మూతికి జానెడు దూరంలో, నలిగిన చోట మాత్రమే, అంకె పది లెక్కపెట్టేంతసేపు పట్టి తీసేయండి. చాలకపోతే మళ్లీ పట్టండి. పైన నీటి చుక్కలు తేలాయంటే అతి చేసినట్టే. మొదట్లో నేనూ ఒక స్నేహితుడి టోపీని కెటిల్‌కి ఆనించి కబుర్లలో పడ్డాను. తర్వాత అది అతని నడినెత్తిన కొబ్బరిచిప్పలా కూర్చుంది.

స్టీమ్ ఇస్త్రీపెట్టె వాడమనేవాళ్ల మాట వినకండి, పెట్టె ఆనిన చోటల్లా మెరుపు మరక పడుతుంది. ఇడ్లీ పాత్రలో పెట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్లకో దండం.

మెత్తబడగానే చెయ్యి లోపల పెట్టి, వేళ్ల కొసలతో కాకుండా పిడికిలి వెనకవైపుతో గుండ్రంగా పైకి నెట్టండి. ముందు అంతా ఉబ్బాలి. ఆ తర్వాతే అరచేతి అంచుతో నడిమి గాడి, చివర్లో బొటనవేలు, రెండు వేళ్లతో ముందువైపు రెండు నొక్కులు.

ఆడవాళ్ల టోపీకి నొక్కు వేరుగా ఉండాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. అసలు ఈ టోపీకి ఆ పేరొచ్చిందే 1882 నాటి పారిస్ నాటకంలో ఫ్రెంచి నటి సారా బెర్నార్ వేసిన ఫెడోరా పాత్ర నుంచి. మగవాళ్ల ఫ్యాషన్ అయింది తర్వాతే.

చల్లారేదాకా చేతిలోనే ఉంచి, ఆపైన తువ్వాలు మీద వెల్లకిలా పెట్టి రాత్రంతా వదిలేయండి. ఎండలో వద్దు. వేసుకునేటప్పుడు అంచు పట్టుకోండి. సినిమా హీరోలా ముందు నొక్కు పట్టుకుని ఎత్తితే కొన్నాళ్లకు ఫెల్ట్ సరిగ్గా అక్కడే చిట్లుతుంది, దానికి ఏ ఆవిరీ పనిచేయదు.