50 వేలల్లో అసెంబుల్డ్ పీసీ: వైజాగ్ లో ఏది ఇప్పుడు కొనాలి, ఏది తర్వాత కొనొచ్చు

మా అక్క కొడుకు మొన్న ఇంజనీరింగ్ లో చేరాడు, "మావయ్యా 50 వేలల్లో పీసీ చేయించుకోవాలి, పార్ట్స్ లిస్ట్ పంపు" అని ఫోన్ చేశాడు. లిస్ట్ పంపడానికి పది నిమిషాలు పట్టింది, అందులో ఏది ఎందుకు పెట్టానో చెప్పడానికి గంటన్నర పట్టింది, ఆ గంటన్నరే ఇక్కడ రాస్తున్నా. కోడింగ్, కాస్త వీడియో ఎడిటింగ్, రాత్రిపూట వాలరెంట్ ఆట, వాడి అవసరం అంతే. 50 వేలల్లోనే మానిటర్, కీబోర్డు, యూపీఎస్ కూడా రావాలి, చాలామంది ఇది మర్చిపోయి మొత్తం సీపీయూ డబ్బాకే పెట్టేసి తర్వాత పాత టీవీకి కనెక్ట్ చేస్కుని కూర్చుంటారు.

నేను చూసేది ఒక్కటే. తర్వాత విప్పకుండా పెట్టుకోగలిగేవి తర్వాత పెట్టుకోండి, విప్పితే గానీ మార్చలేనివి ఇప్పుడే సరైనవి కొనండి. హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు, రెండో ర్యామ్ ఇవన్నీ ఆర్నెల్లకైనా తగిలించుకోవచ్చు. మదర్ బోర్డు, ఎస్ఎంపీఎస్ (అన్నిటికీ కరెంట్ అందించే డబ్బా), కేబినెట్ మార్చాలంటే మాత్రం మొత్తం ఊడదీయాల్సిందే.

ముందు ఒక ఉచ్చు గురించి చెప్పేస్తా. "ఐ5, 16 జీబీ, ఎస్ఎస్డీ, చాలా చవక" అని ప్రకటనలు కనిపిస్తాయి కదా, అక్కడ అడగాల్సింది ఒకే ప్రశ్న, ఏ జనరేషన్ అని. ఎక్కువసార్లు అది మూడో నాలుగో జనరేషన్ అవుద్ది, అంటే 2012, 2013 నాటి సరుకు. నాలుగు కోర్లున్న 2022 నాటి ఐ3-12100 ఆ ఐ5 కంటే చాలా ముందుంటుంది. పైగా విండోస్ 10 కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14న అయిపోయింది, విండోస్ 11 కి ఇంటెల్ లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. కాబట్టి ఐ5 అన్న స్టిక్కర్ చూసి మోసపోకండి.

ప్రాసెసర్ కి వస్తే ఈ బడ్జెట్ లో నా దగ్గర రెండే దారులు. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు కొనే డబ్బుల్లేవు అనుకుంటే ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600జీ, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, లోపలే వేగా గ్రాఫిక్స్ ఉంది, వాలరెంట్ లాంటి తేలిక ఆటలు సెట్టింగ్స్ తగ్గించి ఆడుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ లో అయినా కార్డు ఇప్పుడే పెడతానంటే ఐ3-12100ఎఫ్. ఇందులో చివరున్న ఎఫ్ అక్షరాన్ని జాగ్రత్తగా చూడండి, ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదు, కార్డు పెట్టకపోతే మానిటర్ మీద ఏమీ రాదు, చవగ్గా వస్తోందని ఎఫ్ కొనేసి బోర్డు పాడైపోయిందని రెండు రోజులు ఏడ్చినవాడు మా ఫ్రెండ్స్ లోనే ఉన్నాడు. ఏఎండీ కొత్త సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎం5 బాగుంటుంది కదా అంటారా, బాగుంటుంది, 2027 దాకా అయినా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ చెప్పింది కూడా, కానీ దానికి డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ తప్పనిసరి, ఈ బడ్జెట్ లో అక్కడే జేబు చిరుగుద్ది. బాక్స్ ప్రాసెసరే అడగండి, కంపెనీ వారంటీ మూడేళ్లుంటుంది, ట్రే ప్రాసెసర్ అని విడిగా ఇచ్చేదానికి కంపెనీ వారంటీ లేకపోవచ్చు.

బోర్డు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. 5600జీ కి బీ550 దొరికితే అది, లేకపోతే ఏ520 సరిపోద్ది. పాత స్టాక్ బీ450 ఇస్తుంటే బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్ వేర్) అప్డేట్ చేసిందేనా అని కొనకముందే అడగండి. ఐ3 కి హెచ్610 చాలు, రేపు అదే బోర్డులో బయోస్ అప్డేట్ చేసి పద్నాలుగో జనరేషన్ ఐ5 దాకా పెట్టుకోవచ్చు. కానీ హెచ్610 లో డీడీఆర్4 వి వేరు, డీడీఆర్5 వి వేరు, డబ్బా మీద డీ4 అనో డీడీఆర్4 అనో ఉందా లేదా చూస్కోండి.

ఇక ర్యామ్. 2025 చివర్నుంచి ధరలు పిచ్చెక్కినట్టు పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లే మెమరీ అంతా మింగేస్తున్నాయి. తమాషా ఏంటంటే విండోస్ 10 పోయిన ఆ అక్టోబర్ 14నే మన వైజాగ్ కి గూగుల్ ఏఐ హబ్ వస్తోందని ప్రకటించారు, ఊరికి మంచిదే, మా వాడికి ఉద్యోగం కూడా అందులోనే రావచ్చేమో, ఈలోగా వాడి ర్యామ్ డబ్బులు మాత్రం నేను సర్దాలి. 5600జీ తీస్కుంటే ఒక్క 16 జీబీ స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు పెట్టండి, లోపలి గ్రాఫిక్స్ కి వేరే మెమరీ ఉండదు, ఈ ర్యామ్ నే వాడుకుంటుంది, రెండు చానెళ్లు (డేటాకి దారులు) దొరికితే ఆటల్లో తేడా బాగా తెలుస్తుంది. ఐ3 తో కార్డు పెట్టేవాళ్లు ఒక 16 తో మొదలెట్టి రెండోది ధర దిగాక కొనుక్కోవచ్చు. ఇంటికెళ్లాక బయోస్ లో ఎక్స్ఎంపీ (ర్యామ్ ని పూర్తి స్పీడ్ లో నడిపే సెట్టింగ్) ఆన్ చేయడం మర్చిపోకండి, చెయ్యకపోతే 3200 స్పీడ్ కి డబ్బులిచ్చి అంతకంటే తక్కువలో నడుపుతుంటారు.

ఎస్ఎస్డీ 500 జీబీ ఎన్వీఎంఈ, అంటే వేగంగా నడిచే రకం. పాత రకం సాటా ఎస్ఎస్డీ సెకనుకి సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, జెన్3 ఎన్వీఎంఈ 3500 దాకా వెళ్తుంది, ధరలో తేడా మాత్రం అంతుండదు. ఎం.2 అనే సన్నటి చీటీ లాంటి ఆకారంలో ఉన్నవన్నీ ఎన్వీఎంఈ కావు, అది గమనించండి. సినిమాలకి హార్డ్ డిస్క్ తర్వాత.

ఇప్పుడు అసలు గొడవ, ఎస్ఎంపీఎస్. "కేబినెట్ తో పాటు ఫ్రీగా వస్తుంది సార్" అని ఒకటి అంటగడతారు, మీద 450 వాట్లు అని రాసి ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటుంది. వద్దు. ఐదారేళ్ల క్రితం నేనూ అలాగే ఒకటి తీస్కున్నా, ఒకరోజు కరెంట్ పోయి వచ్చింది, టప్ మని శబ్దం, బోర్డుతో సహా పోయింది. 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ (కరెంట్ వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్నది 450 వాట్లది విడిగా కొనండి. ఇంకా పెద్దది ఎందుకు అక్కర్లేదంటే లెక్క చూడండి, ఐ3-12100ఎఫ్ గట్టిగా పనిచేసినప్పుడు 89 వాట్లు, ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు, మిగతావన్నీ కలిపినా 300 దాటదు. 750 వాట్లు అమ్మాలని చూసేవాడు మీ కరెంట్ గురించి కాదు, వాడి మార్జిన్ గురించి ఆలోచిస్తున్నాడు.

కేబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉన్నది తీస్కోండి, ముందొకటి వెనకొకటి ఫ్యాన్లు చాలు. వైజాగ్ ఉక్కపోతలో అద్దాల పెట్టె అంటే ప్రెషర్ కుక్కరే. బీచ్ రోడ్డు వైపు, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ అక్కడుండేవాళ్లకి ఇంకో బాధ, ఉప్పుగాలి. బాల్కనీ గ్రిల్ ఎలా తుప్పు పడుతుందో లోపల స్క్రూలూ అలాగే పడతాయి. సముద్రం వైపు కిటికీ కింద సీపీయూ పెట్టకండి, నేల మీద అసలొద్దు. సెలవులకి ఊరెళ్లినా ఎవరో ఒకరు వారానికోసారి ఆన్ చేస్తే ఆ వేడికి తేమ పోతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేటప్పుడు కూడా ఇదే కన్నుతో చూడండి. 2022 సెప్టెంబర్ లో ఈథీరియం అనే క్రిప్టో కాయిన్ మైనింగ్ (కార్డులతో రాత్రీపగలూ లెక్కలు చేయించి కాయిన్లు సంపాదించడం) ఆగిపోయాక మైనింగ్ చేసిన కార్డులు బజార్లోకి బాగా వచ్చాయి, ఆర్ఎక్స్ 580 లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వెనక బ్రాకెట్ తుప్పు పట్టిందా, బంగారు రంగు కాంటాక్టుల మీద ఆకుపచ్చగా ఏమైనా ఉందా చూసి, కొనకముందే అక్కడే పావుగంట ఆట ఆడించి చూడమనండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్టీ చవగ్గా వచ్చినా 5600జీ తో వద్దు, ఆ కార్డుకి డేటా వెళ్లే లేన్లు నాలుగే, 5600జీ ఇచ్చేది పాత పీసీఐఈ 3.0, రెండూ కలిస్తే స్పీడ్ పడిపోద్ది.

యూపీఎస్ 600 వీఏ తీస్కుంటే నిజంగా ఇచ్చేది 360 వాట్లే ఉంటుంది చాలావాటిలో, మనకి సరిపోద్ది, సేవ్ చేసి షట్ డౌన్ చేయడానికే అది, ఆట పూర్తి చేయడానికి కాదు. హుద్ హుద్ తుఫాను చూసినవాళ్లకి దాని విలువ వేరే చెప్పాలా. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ తో ఒకసారి చూపించండి, కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే లేనట్టే.

ఎక్కడ కొనాలి అంటే, మోడల్ నంబర్లతో సహా లిస్ట్ రాసి ద్వారకానగర్ లో ఓ మూడు షాపులకి వాట్సాప్ పెట్టండి, జీఎస్టీతో కలిపి రేటు అడగండి, 18 శాతం చివర్లో కలిపితే నవ్వు పోద్ది. "అది లేదు సార్, దానికంటే మంచిది ఉంది" అంటే ఆ మంచిది ఫోన్లో వెతికి చూసేదాకా సరే అనకండి. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్స్) లో చవక అని చాలామంది అంటారు, కొన్ని పార్టులకి నిజమే, కానీ రాత్రంతా రైలు, రానూపోనూ టికెట్, తర్వాత బోర్డు పోతే మళ్లీ అదే రైలు. నేనైతే బోర్డు, ఎస్ఎంపీఎస్ ఊళ్లోనే కొంటా, ఎస్ఎస్డీ, ర్యామ్ ఆన్ లైన్ లో ఎక్కడ తక్కువుంటే అక్కడ.

బిగించడం షాపులోనే చేయించినా పక్కన నిలబడి చూడండి. బోర్డులో నాలుగు స్లాట్లుంటే రెండు ర్యామ్ లు రెండో, నాలుగో స్లాట్ లో పెట్టాలి, ప్రాసెసర్ కి పైన ఎనిమిది పిన్నుల వైరు పెట్టాలి, కార్డుంటే హెచ్డీఎంఐ కార్డుకే పెట్టాలి, బోర్డుకి కాదు. బయోస్ లో ర్యామ్ మొత్తం, ఎస్ఎస్డీ రెండూ కనిపించాకే డబ్బులివ్వండి, బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబర్ రాయించండి. ఆటోలో తెచ్చేటప్పుడు ఒడిలో పెట్టుకోండి. ఖాళీ డబ్బాలు మాత్రం అమ్మ చిత్తుకాగితాలవాడికి వేసేయకముందే అటకెక్కించండి, వారంటీకి వెళ్లినప్పుడు మొదట అడిగేది అవే.