క్వాంటమ్ కంప్యూటర్ రాకముందే రోగుల రికార్డులను కాపాడటం ఎలా: ల్యాబులకు, చిన్న ఆసుపత్రులకు మార్గదర్శిని

ల్యాబు నుంచి రోగి ఫోనుకు ఇంటర్నెట్ ద్వారా వెళ్ళే జన్యుపరీక్ష నివేదిక ఎన్‌క్రిప్ట్ అయ్యే (ఇతరులు చదవలేని సంకేతంగా మారే) వెళుతుంది కాబట్టి, దారిలో దాని నకలు తీసుకున్నవారికి ఇవాళ అందులో ఒక్క ముక్క కూడా అర్థం కాదు. అయితే వారు ఆ నకలును పారేయరు. దాచి ఉంచుకుని, తగినంత శక్తి గల క్వాంటమ్ కంప్యూటర్ (అణుస్థాయి భౌతిక సూత్రాలతో లెక్కలు చేసే కొత్త తరహా యంత్రం) అందుబాటులోకి వచ్చిన రోజున విప్పి చదువుకోవచ్చు. క్వాంటమ్ సాంకేతికత లేవనెత్తిన చట్టపరమైన, నైతికమైన ప్రశ్నలు చాలా ఉన్నప్పటికీ, వాటిలో ఇదే అత్యవసరమైనదని నేను భావిస్తున్నాను. మిగిలిన ప్రశ్నలలో ఎక్కువ భాగం యంత్రం వచ్చాక ఎదురవుతాయి. ఇది మాత్రం రికార్డు సేకరించిన రోజునే మొదలవుతుంది. సొంత ఐటీ విభాగం లేని డయాగ్నస్టిక్ సెంటర్లు, నర్సింగ్ హోములు, చిన్న ఆసుపత్రుల నిర్వాహకులను దృష్టిలో పెట్టుకుని, ఈ విషయంలో ఇప్పుడే చేయగలిగిన పనులను ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ప్రమాదం ఎక్కడుందో స్పష్టంగా తెలియాలి. ఇంటర్నెట్‌లో రెండు యంత్రాలు రహస్యంగా మాట్లాడుకోవడానికి వాడే ఆర్‌ఎస్‌ఏ, ఎలిప్టిక్ కర్వ్ పద్ధతులు రెండూ కొన్ని గణిత సమస్యలను సాధారణ కంప్యూటర్లు సాధించలేవన్న నమ్మకం మీద నిలిచాయి. ఆ సమస్యలను క్వాంటమ్ కంప్యూటర్ సులభంగా సాధించగలదని 1994లో గణితవేత్త పీటర్ షోర్ నిరూపించారు. అందుకు ఎంత పెద్ద యంత్రం కావాలన్న అంచనా మాత్రం ఏటేటా తగ్గుతోంది. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీని (తాళంచెవిలా పనిచేసే సంఖ్యను) ఛేదించడానికి 2 కోట్ల క్యూబిట్లు (క్వాంటమ్ కంప్యూటర్ లెక్కలకు వాడే మూల అంశాలు) అవసరమని 2019లో లెక్కగట్టిన పరిశోధకుల్లో ఒకరైన క్రెగ్ గిడ్నీ, 2025 మేలో 10 లక్షల కంటే తక్కువ క్యూబిట్లతో వారంలోపు సాధ్యమని కొత్త లెక్క చూపించారు. అమరావతి క్వాంటమ్ వ్యాలీ కోసం ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ప్రకటించిన యంత్రంలోని ప్రాసెసర్ 156 క్యూబిట్లది. అది ఎవరి రికార్డులనూ విప్పలేదు కాబట్టి, ఆ యంత్రం పేరు విని భయపడవలసిన పని లేదు. భయం గురించి కాక గడువు గురించి ఆలోచించడమే ఇక్కడ అవసరం.

రహస్యం ఎంతకాలం నిలవాలి?

వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన మిషెల్ మోస్కా ఇందుకు ఒక సులభమైన లెక్క చెప్పారు. మీ సమాచారం ఎన్నేళ్ళు రహస్యంగా ఉండాలో, మీ వ్యవస్థలను కొత్త పద్ధతులకు మార్చడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆ రెండింటినీ కూడండి. వచ్చిన మొత్తం, ఛేదించగల యంత్రం రావడానికి పట్టే కాలం కంటే ఎక్కువైతే మీరు ఇప్పటికే ఆలస్యమైనట్లు లెక్క. యంత్రం ఏ సంవత్సరం వస్తుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు గానీ, ప్రభుత్వ సంస్థలు పెట్టుకున్న గడువులు ఉన్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన ముసాయిదాలో పాత పద్ధతులను 2035 తరువాత అనుమతించకూడదని ప్రతిపాదించింది. బ్రిటన్ సైబర్ భద్రతా కేంద్రం కూడా మార్పు పూర్తి కావడానికి 2035నే గడువుగా పెట్టింది. ఈ లెక్కకు 2035ను ఆధారంగా తీసుకోవడం సబబు.

ఈ లెక్కను ఒక నిజమైన సందర్భానికి వర్తింపజేసి చూద్దాం. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023 జూలైలో మొదలైంది. పుట్టిన బిడ్డ మొదలు 40 ఏళ్ళ వయసు వరకు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది దాని లక్ష్యం. మన్యం ప్రాంతాల్లోనూ ఆదిలాబాద్ వైపు గూడేల్లోనూ సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు ఉన్నాయి కాబట్టి, ఇది మనకు దూరపు విషయం కాదు. ఆరేళ్ళ పాపకు ఇవాళ ఈ పరీక్ష చేస్తే, ఆమె క్యారియర్ (జబ్బు లేకున్నా దాని జన్యువును మోసే వ్యక్తి) అవునో కాదో తెలిపే సమాచారం ఆమె చదువు, పెళ్ళి, ఉద్యోగం, బీమా అన్నీ దాటి కనీసం అరవై ఏళ్ళు రహస్యంగా ఉండాలి. పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోవచ్చు, ఖాతా సంఖ్య బయటపడితే బ్యాంకు కొత్తది ఇస్తుంది, కానీ జన్యువును మార్చుకునే వీలు లేదు. అంతే కాదు, ఆమె నివేదిక ఆమె తోబుట్టువుల గురించి, తల్లిదండ్రుల గురించి, ఇంకా పుట్టని పిల్లల గురించి కూడా కొంత చెబుతుంది. వారెవరూ ఏ అనుమతి పత్రం మీదా సంతకం చేయలేదు. ఇక్కడి నైతిక భారమంతా ఈ ఒక్క విషయంలో ఉంది. తన మేలు కోసం పరీక్ష చేయించుకున్న మనిషికి, తాను ఊహించని కాలంలో, తాను ఎదుర్కోలేని పద్ధతిలో హాని జరగకుండా చూడవలసిన బాధ్యత సమాచారం సేకరించినవారిదే.

ఈ లెక్క ప్రకారం మీ దగ్గరున్న రికార్డులను మూడు రాశులుగా విడదీయండి. జన్యుపరీక్షలు, హెచ్‌ఐవీ నివేదికలు, మానసిక చికిత్స వివరాలు, సంతానసాఫల్య చికిత్స రికార్డులు, వేలిముద్రలు మొదటి రాశిలోకి వస్తాయి. వీటిని జీవితకాలం కాపాడాలి. సాధారణ శస్త్రచికిత్సల వివరాలు, బీమా క్లెయిములు రెండో రాశిలోకి వస్తాయి. మామూలు రక్తపరీక్షలు, అపాయింట్‌మెంట్ జాబితాలు మూడో రాశిలోకి వస్తాయి. డబ్బు, సమయం మొదటి రాశికే ముందు కేటాయించండి.

అవసరం లేనిది తొలగించండి

ఏ సాఫ్ట్‌వేరూ కొనకుండా, ఏ నిపుణుడినీ పిలవకుండా చేయగల క్వాంటమ్ రక్షణ ఒకటుంది. ఉంచవలసిన అవసరం లేని రికార్డును తొలగించడమే అది. మీ దగ్గర లేని ఫైలు మీ సర్వర్ నుంచి ఎప్పటికీ దొంగిలించబడదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023లోని ఎనిమిదో సెక్షన్ కూడా, సేకరించిన ప్రయోజనం తీరాక, మరో చట్టం ఉంచమనకపోతే, సమాచారాన్ని తొలగించాలని చెబుతోంది. మరో చట్టం ఏమంటుందో కూడా చూసుకోవాలి. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002 నాటి నిబంధనలు ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళు ఉంచమంటాయి. లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద స్కానింగ్ రికార్డులను రెండేళ్ళు ఉంచాలి. కేసు నడుస్తుంటే అది ముగిసేవరకు ఉంచాలి. ఈ గడువులన్నింటినీ ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి రాశికీ తొలగింపు తేదీ నిర్ణయించండి.

తొలగించేటప్పుడు నకళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడమే అసలు పని. సర్వర్‌లో తీసేసిన నివేదిక రిసెప్షన్ కంప్యూటర్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, సిబ్బంది ఫోన్‌లోని వాట్సాప్‌లో, పాత పెన్‌డ్రైవ్‌లో, క్లౌడ్ బ్యాకప్‌లో, బీమా టీపీఏకు (క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థకు) పంపిన ఈమెయిల్‌లో అలాగే ఉంటుంది. ఈ వెతుకులాట విసుగు పుట్టిస్తుంది. అయినా దీన్ని మానేస్తే తరువాత చెప్పే సాంకేతిక మార్పులన్నీ వృథా అవుతాయి.

సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారిని ఏమి అడగాలి?

నిస్ట్ 2024 ఆగస్టు 13న, క్వాంటమ్ దాడిని తట్టుకునేలా రూపొందించిన మూడు కొత్త ప్రమాణాలను విడుదల చేసింది. రహస్య కీని పంచుకోవడానికి ఎంఎల్-కెమ్, డిజిటల్ సంతకాలకు ఎంఎల్-డీఎస్‌ఏ, ఎస్‌ఎల్‌హెచ్-డీఎస్‌ఏ అన్నవి అవి. వీటికి క్వాంటమ్ యంత్రం అక్కర్లేదు, మామూలు కంప్యూటర్లలోనే నడుస్తాయి. చాలా సర్వర్లు వాడే ఉచిత ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5 వెర్షన్‌లో ఈ మూడూ ఉన్నాయి; క్రోమ్ బ్రౌజర్ ఇప్పటికే ఎంఎల్-కెమ్ వాడుతోంది; సిగ్నల్ మెసేజింగ్ యాప్ 2023లోనే ఈ దారిలోకి వచ్చింది. అందువల్ల మీ వెండర్ ఇది భవిష్యత్తు విషయమని అంటే ఆ మాటతో సరిపెట్టుకోకండి.

వారిని రాతపూర్వకంగా అడగవలసిన ప్రశ్నలు ఇవి. మా పోర్టల్ టీఎల్‌ఎస్ 1.3 (బ్రౌజర్‌కు, సర్వర్‌కు మధ్య సమాచారాన్ని రహస్యంగా పంపే పద్ధతి) వాడుతోందా, దానిలో ఎంఎల్-కెమ్‌తో కూడిన హైబ్రిడ్ పద్ధతిని ఎప్పటికి ఇస్తారు? నిల్వ ఉన్న ఫైళ్ళను ఏఈఎస్-256 అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేస్తున్నారా, ఆ కీని మళ్ళీ ఆర్‌ఎస్‌ఏతో చుట్టి (ఎన్‌క్రిప్ట్ చేసి) పెడుతున్నారా? రేపు ఒక పద్ధతి బలహీనమని తేలితే సాఫ్ట్‌వేర్ మొత్తం తిరగరాయకుండా దాన్ని మార్చగలరా? ఏఈఎస్-256ను క్వాంటమ్ యంత్రం ఆచరణలో ఛేదించలేదన్నది నిపుణుల స్థిరమైన అభిప్రాయం కాబట్టి నిల్వ విషయంలో ఊరట ఉంది, కానీ దాని కీని పాత పద్ధతితో కాపాడితే ఆ ఊరట పోతుంది.

హైబ్రిడ్ అంటే పాత పద్ధతిని, కొత్త పద్ధతిని కలిపి వాడటం. దీన్ని పట్టుబట్టి అడగడానికి బలమైన కారణం ఉంది. కొత్త పద్ధతుల ఎంపికకు నిస్ట్ నడిపిన పోటీలో నాలుగో దశ వరకు వచ్చిన సైక్ అనే పద్ధతిని 2022లో ఇద్దరు గణిత పరిశోధకులు ఒక మామూలు కంప్యూటర్‌లోని ఒకే కోర్‌తో సుమారు గంటలో ఛేదించారు. కొత్తది విఫలమైనా పాతది నిలబడాలి, పాతది విఫలమైనా కొత్తది నిలబడాలి. ఇంకొక ఆచరణాత్మక ఇబ్బంది కూడా ఉంది. ఇప్పుడు వాడే ఎలిప్టిక్ కర్వ్ కీ 32 బైట్లు ఉంటే, ఎంఎల్-కెమ్-768 పబ్లిక్ కీ 1184 బైట్లు ఉంటుంది. పాత రౌటర్లు, పదేళ్ళ నాటి ల్యాబ్ యంత్రాలు ఈ పెద్ద సందేశాలను తట్టుకోకపోవచ్చు కాబట్టి, రాత్రికి రాత్రి మార్చకుండా ముందు ఒక విభాగంలో పరీక్షించి చూడండి.

క్వాంటమ్ కీ పంపిణీ (కాంతి కణాల ద్వారా రహస్య కీని పంచుకునే పద్ధతి) పేరుతో ప్రత్యేక పరికరాలు అమ్మేవారు రావచ్చు. పరిశోధనగా అది విలువైనదే. అయితే అమెరికా జాతీయ భద్రతా సంస్థ, బ్రిటన్ సైబర్ భద్రతా కేంద్రం రెండూ ప్రభుత్వ అవసరాలకే దాన్ని సిఫారసు చేయడం లేదు. చిన్న ఆసుపత్రి దాని మీద డబ్బు పెట్టకూడదు.

చట్టం ఏమి అడుగుతుంది?

క్వాంటమ్ అన్న మాట పైన చెప్పిన 2023 సమాచార రక్షణ చట్టంలో ఎక్కడా లేదు. ఉన్నది తగిన భద్రతా చర్యలు తీసుకోవాలన్న విధి. అందులో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. 2025 నవంబరులో ప్రకటించిన నియమాలు ఎన్‌క్రిప్షన్‌ను ఆ చర్యల్లో ఒకటిగా పేర్కొన్నాయి. సంస్థలు వీటికి సిద్ధం కావడానికి అప్పుడు 18 నెలల గడువు ఇచ్చారు. తగిన అన్న మాటకు కాలంతో పాటు అర్థం పెరుగుతుంది. అంతర్జాతీయ ప్రమాణాలు 2024లోనే వచ్చి, ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే దొరుకుతున్నప్పుడు, అరవై ఏళ్ళు కాపాడవలసిన రికార్డును 2030లో కూడా పాత పద్ధతితో పంపిన ల్యాబు తగిన చర్యలు తీసుకున్నానని వాదించడం కష్టమవుతుందని నా అభిప్రాయం. హెచ్‌ఐవీ విషయంలో 2017 నాటి ప్రత్యేక చట్టం కూడా సమాచార రక్షణ ఏర్పాట్లను విడిగా తప్పనిసరి చేసిందని మరిచిపోవద్దు.

ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్ళు మాత్రమే దొంగతనానికి గురైతే అది ఉల్లంఘన కిందికి వస్తుందా అన్నది క్లిష్టమైన ప్రశ్న. యూరప్ చట్టం ఎన్‌క్రిప్ట్ అయిన సమాచారం విషయంలో బాధితులకు విడిగా తెలియజేయనవసరం లేదని కొంత మినహాయింపు ఇస్తుంది. మన చట్టంలో అలాంటి మినహాయింపు రాయలేదు. రాసి ఉన్నా, మొదటి రాశిలోని రికార్డుల విషయంలో దాన్ని వాడుకోవడం సరి కాదు. ఇవాళ చదవలేకపోయినా పదేళ్ళ తరువాత చదవగలిగే అవకాశం ఉందన్న సంగతి మనకు తెలిసినప్పుడు, రోగికి ఆ మాట చెప్పకుండా దాచడం మోసం అవుతుంది. కాబట్టి అలాంటి ఘటన జరిగితే ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు (సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు) తెలియజేయండి. కొత్త నియమాల ప్రకారం సమాచార రక్షణ బోర్డుకు ఆలస్యం లేకుండా చెప్పి, 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వండి. రోగులకు కూడా తెలియజేయండి.

అనుమతి నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే అవకాశం రోగికి ఉండాలని చట్టం చెబుతోంది కాబట్టి, తెలుగు నోటీసు సిద్ధంగా ఉంచండి. దానిలో సాంకేతిక పదాలు అక్కర్లేదు. జన్యుపరీక్షలకు ఇలా రాస్తే చాలు: “మీ నివేదికను రహస్యంగా భద్రపరుస్తాము. ఇన్ని సంవత్సరాల తరువాత తొలగిస్తాము. ఇందులోని సమాచారం మీ తోబుట్టువులకు, పిల్లలకు కూడా సంబంధించినది కాబట్టి, మిమ్మల్ని అడగకుండా ఎవరికీ పంపము. ఎవరైనా దీన్ని దొంగిలిస్తే, వారు చదవగలిగినా లేకపోయినా, మీకు తెలియజేస్తాము.” గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసేవారు దీన్ని చదివి వినిపించాలి, వీలైతే వారి సొంత భాషలో వివరించాలి.

సంతకాల సంగతి

క్వాంటమ్ యంత్రం పాత రహస్యాలను విప్పడమే కాదు, పాత సంతకాలను కూడా సృష్టించగలదు. ఇప్పటి డిజిటల్ సంతకం రహస్య కీని రాబట్టినవారు గడిచిన తేదీ వేసి ఒక నివేదికను తయారు చేయవచ్చు. భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, ఐదేళ్ళు దాటిన ఎలక్ట్రానిక్ రికార్డు సరైన చోటు నుంచి వస్తే దానిపై ఉన్న సంతకం ఆ వ్యక్తిదేనని న్యాయస్థానం భావించవచ్చు. ఈ నియమం రాసినప్పుడు ఉన్న సాంకేతిక నమ్మకం రేపు ఉండకపోవచ్చు. శాసనకర్తలు దీన్ని సవరించేవరకు ఆసుపత్రి చేయగలిగిన పని ఒకటుంది. మెడికో లీగల్ నివేదికలు, మరణ ధృవీకరణలు, శస్త్రచికిత్స అంగీకార పత్రాలు వంటి వాటి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ విలువలను (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర వంటి సంఖ్యలను) ప్రతి నెలా ఒక జాబితాగా ముద్రించి, బాధ్యులైన ఇద్దరు సంతకం చేసి, తేదీతో భద్రపరచండి. ఆ జాబితాలో లేని పాత పత్రం ఎవరైనా తెచ్చినప్పుడు మీ దగ్గర చూపించడానికి ఆధారం ఉంటుంది.

వీటన్నింటిలో మొదట ఏది చేయాలో తెలియకపోతే, సాఫ్ట్‌వేర్ ఒప్పందం పునరుద్ధరణ తేదీ ఎప్పుడో చూడండి. వెండర్ మీ మాట వినేది సంతకం పెట్టకముందే కాబట్టి, పైన చెప్పిన ప్రశ్నలకు జవాబులను, హైబ్రిడ్ పద్ధతిని ఇచ్చే తేదీని, ఒప్పందం ముగిశాక రికార్డులను తొలగించినట్లు ధృవీకరణ పత్రం ఇస్తామన్న హామీని అందులో షరతులుగా రాయించండి. జాబితా తయారీ, తొలగింపు పనులను ఆ తేదీ వరకు ఆపకుండా ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.