తెర చూడకుండా డెబియన్ ఇన్‌స్టాల్ చేసుకోవడం ఎలా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో పాత ల్యాప్‌టాప్ కొన్న రోజు, అందులో డెబియన్ (విండోస్‌లాంటిదే, ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) నేనే వేసిస్తానని మా మిత్రుడితో అన్నాను. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. "అన్నా, నువ్వు పక్కన కూసో. కీబోర్డు ఇటియ్యి" అన్నాడు. నా కళ్లు అతనికి పనికొచ్చింది ఒక్కచోటే. అది కూడా తప్పించుకోవచ్చని తర్వాత తెలిసింది.

డెబియన్ ఇన్‌స్టాలర్ తన ప్రశ్నలను గొంతుతో చదివి వినిపిస్తుంది, జవాబులు కీబోర్డుతో ఇవ్వొచ్చు. ముందు పెన్‌డ్రైవ్. డెబియన్ 12 గానీ, ఆ తర్వాతది గానీ తీసుకోండి. 2023లో వచ్చిన ఈ 12 నుంచే హార్డ్‌వేర్ పనిచేయడానికి కావలసిన చిన్న సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, అధికారిక ఇమేజ్‌లో (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఫైలులో) కలిపి ఇస్తున్నారు. అది లేకపోతే కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో సౌండ్ పలకదు. తెర పనిచేయకపోయినా ఇక్కడ నష్టం లేదు, గొంతు రాకపోతే పని అక్కడితో ఆగిపోతుంది. విండోస్‌లో ఎన్‌వీడీఏ (తెరమీదిది చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్) పెట్టుకుని, ఇమేజ్‌ను ఎక్కించే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసుకోవచ్చు. అందులో పాత ఫైళ్లుంటే పోతాయి. వైరున్న ఇయర్‌ఫోన్ దగ్గరుంచుకోండి, బ్లూటూత్‌ది ఇప్పుడు పనికిరాదు.

అసలు చిక్కు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడం, అంటే మెషీన్‌ను దాంతో మొదలుపెట్టడం. మెషీన్ ఆన్ చేయగానే వచ్చే బయోస్ తెర మాట్లాడదు. మావాడు నన్ను పిలిచింది ఇక్కడే. విండోస్ ఉన్న మెషీన్ అయితే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఇవ్వండి. నీలం తెర వచ్చాక కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్ స్క్రీన్ రీడర్ నరేటర్ మొదలవుతుంది. 'యూజ్ ఎ డివైస్'లోకి వెళ్లి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. నరేటర్ పలక్కపోతే 'బీ మై ఐస్' యాప్‌లో వీడియో కాల్ చేస్తే ఎవరో ఒక వలంటీరు తెర చదివిపెడతారు.

ఇక చెవులు రిక్కించండి. ఇన్‌స్టాలర్ మెనూ సిద్ధం కాగానే బీప్ వస్తుంది: పాత బయోస్‌లో ఒకటి, దాని బదులు కొత్త మెషీన్లలో ఉండే యూఈఎఫ్ఐలో రెండు. వెంటనే ఎస్ (S) అక్షరం నొక్కి ఎంటర్ కొట్టండి. బీప్ వినపడలేదా? ఏ కీ ముట్టుకోకుండా ఆగండి, 30 సెకన్లకు గొంతు దానంతటదే మొదలవుతుంది. సౌండ్ కార్డులు ఒకటికి మించి ఉంటే ఒక్కోదాన్నీ పలికించి చూస్తుంది, వినపడినప్పుడు ఎంటర్ కొడితే సరి.

ఆపైన అంతా అంకెల వ్యవహారం. ప్రశ్న చదివి, జవాబులకు వరుసగా అంకెలిస్తుంది. మీకు కావలసిన అంకె కొట్టి ఎంటర్. ప్రశ్నార్థకం కొడితే వివరణ వస్తుంది, ఎడమవైపు తిరిగిన కోణం గుర్తు కొడితే వెనక్కి పోతారు. ఇన్‌స్టాలేషన్ వరకు భాష ఇంగ్లిషే ఉంచుకోండి. గొంతు వేగం కావాలంటే కాప్స్‌లాక్‌తో 6, నెమ్మది కావాలంటే 5. మావాడు పెట్టుకున్న వేగానికి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

డిస్కు విభజన దగ్గర మాత్రం తొందరపడొద్దు. మొత్తం డిస్కు వాడమంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. చివరి ప్రశ్నకు ముందే పెట్టి ఉన్న జవాబు 'నో'. ఊరికే ఎంటర్ కొడితే ఏమీ రాయదు. 'యెస్' (Yes) ఉన్న అంకె కావాలనే కొట్టాలి. పక్కన కూర్చున్నవాళ్లు ఇక్కడ చెయ్యి పెట్టకండి. అడిగితే ఒకసారి తెర చదివి వినిపిస్తే చాలు.

ఏ డెస్క్‌టాప్ కావాలని అడిగినప్పుడు మాటే (MATE) అనేదాన్ని ఎంచుకోండి, స్క్రీన్ రీడర్‌తో బాగా కుదురుతుంది. గొంతుతో ఇన్‌స్టాల్ చేశారు కాబట్టి రీస్టార్ట్ అయ్యాక ఆర్కా అనే స్క్రీన్ రీడర్ దానంతటదే పలుకుతుంది. ఇన్సర్ట్, స్పేస్ కలిపి నొక్కితే దాని సెట్టింగులు తెరుచుకుంటాయి. తెలుగు గొంతు ఈస్పీక్‌లో (రాతను మాటగా మార్చే ప్రోగ్రామ్‌లో) ఉంది, అక్కడే మార్చుకోవచ్చు. రోబో మాట్లాడినట్టే ఉంటుంది. మావాడు రెండు రోజులు నవ్వుకుని, మూడో రోజు నుంచి దాంతోనే తెలుగు వార్తలు వింటున్నాడు.