మూలకాల పేర్లు, 4వ పాఠం: పుట్టినరోజు వేరు, బారసాల వేరు

పోయిన పాఠం చివర టైటానియాన్ని ఎవరు, ఎప్పుడు కనుక్కున్నారని అడిగాను. జవాబులు మూడు రకాలుగా వచ్చాయి: గ్రెగర్ 1791, క్లాప్రోత్ 1795, హంటర్ 1910. "మేస్టారూ, ఇందులో ఏది రైటు?" అని గార నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మూడూ రైటేనమ్మా, నేను అడిగిన తీరే తప్పు. అందుకే సంకేతాల పాఠాన్ని వెనక్కి జరిపి ముందు ఈ ముడి విప్పుతున్నాను.

కళింగపట్నం ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి, చూసే ఉంటారు. అందులో ఇల్మనైట్ ఉంటుంది: ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే చర్చి గురువు పరీక్షించింది అలాంటి నల్ల ఇసుకనే. అయస్కాంతానికి అంటుకుంది. ఇనుమంతా తీసేశాక, తెలిసిన ఏ లోహానికీ చెందని ఆక్సైడు మిగిలింది. అది ఆనవాలు పట్టిన రోజు. బెర్లిన్‌లో క్లాప్రోత్ అనే రసాయన శాస్త్రవేత్త రూటైల్ అనే వేరే ఖనిజంలో అదే చూసి, గ్రీకు పురాణాల టైటన్ల పేరు పెట్టాడు. అది బారసాల. దాదాపు శుద్ధమైన లోహం హంటర్ చేతికి వచ్చేసరికి 1910 అయింది.

కాబట్టి 'కనుక్కున్నారు' అన్న మాట కనిపిస్తే ఆగండి. ఆనవాలు పట్టారా, విడదీశారా, పేరు పెట్టారా? గైడు పుస్తకాలు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హీలియం సంగతే చూడండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు నుంచి చూశాడు. దాంతో 'హీలియం గుంటూరులో దొరికింది' అని రాసేస్తారు. అక్కడ ఏమీ దొరకలేదు. సూర్యుడి వెలుగును రంగులుగా విడదీసినప్పుడు కనిపించిన పసుపు గీత సోడియానిది కాదని పట్టుకున్నది ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త లాకియర్, ఆ ఏడాది అక్టోబరులో, ఇంగ్లండులో. సూర్యుణ్ణి గ్రీకులో హీలియోస్ అంటారు, పేరు దాన్నుంచే వచ్చింది. భూమ్మీద ఆ వాయువు రామ్సే అనే రసాయన శాస్త్రవేత్తకు చిక్కింది 1895లో, అంటే గీత కనిపించిన 27 ఏళ్లకు.

యురేనియం కూడా అంతే. 1789లో క్లాప్రోత్ లోహమనుకున్నది నిజానికి ఆక్సైడు. అసలు లోహాన్ని 1841లో పెలిగో విడదీశాడు.

పేరు పెట్టినవాడు పొరబడితే ఆ పొరపాటు కూడా పేరులో ఉండిపోతుంది. ఆమ్లాలన్నిటికీ మూలం ఆక్సిజనేనని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజే నమ్మాడు. అందుకే 'ఆమ్లాన్ని పుట్టించేది' అని అర్థం వచ్చే ఆ పేరు. మనవాళ్లు దాన్నే 'ఆమ్లజని' అన్నారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ అణువంతైనా లేదు! అయినా ఉదజని, నత్రజని, ఆమ్లజని అన్న మాటలంటే నాకు ఇష్టం. పేరు చదివితే చాలు, పెట్టినవాడు ఏమనుకున్నాడో తెలిసిపోతుంది.

అభ్యాసం ఒక్కటే, కానీ వారం పడుతుంది. గరివిడి, చీపురుపల్లి వైపు వాళ్లకు మాంగనీసు రాయి కొత్త కాదు. మాంగనీసుకీ మెగ్నీషియానికీ పేరు గ్రీసులోని మెగ్నీషియా ప్రాంతం నుంచే వచ్చింది. రెండింటికీ మూడేసి గళ్లు గీసి ఆనవాలు, విడదీత, పేరు నింపండి. 1808లో డేవీ తాను విడదీసిన మెగ్నీషియాన్ని మొదట 'మాగ్నియం' అని ఎందుకు పిలిచాడో నాలుగు వాక్యాల్లో రాయండి. గళ్లలో ఒక్క తేదీతో సరిపెడితే నేను దిద్దను.